పదిహేడో చీటీ

గుణుపురంలో రాత్రి పదకొండున్నర.
కింద జీడిపిక్కల గోదాములో
కాటా గొలుసు ఇంకా ఊగుతోంది.
పైన రేకుల గదిలో నేను
డిస్కు కోసం రాసిన డ్రైవర్ని
నాలుగో రోజు తిడుతున్నాను.

రోజూ పడిపోదు. అదే దీని రోగం.
మూడు లక్షల సార్లలో ఒక్కసారి
చదివి తెమ్మని పంపిన కమాండు
ముప్పై సెకన్లు ఉలకదు, పలకదు.
విసుగెత్తి "వద్దులే, వదిలెయ్" అంటాను.
ఆ మాట సగం దారిలో ఉండగా
అటునుంచి "అయిపోయిందండీ" అని
జవాబు బయల్దేరుతుంది.
రెండూ ఎదురుపడతాయి,
పలకరించుకోకుండా దాటిపోతాయి.

ఆనక ఒకే గదిని ఖాళీ చేయించడానికి
ఇద్దరొస్తారు.
మొదటివాడు ఊడ్చి, తాళంచెవి ఇచ్చి పోతాడు.
లోపల అప్పటికే ఇంకెవరో పొయ్యి వెలిగించుకుంటారు.
రెండోవాడు తలుపు తట్టడు.
వాళ్ల గిన్నెలు వీధిలో పారేస్తాడు.
మెషీను అక్కడ ప్రాణం విడుస్తుంది.

తాళం వెయ్యమన్నారు బెంగుళూరు వాళ్లు.
వేశాను.
తాళం గుప్పిట్లో పెట్టుకుని
జవాబు కోసం ఎదురుచూస్తూ పడుకున్నాను.
జవాబు తెచ్చినవాడు
అదే తాళం కోసం గుమ్మంలో నిలబడ్డాడు.
తెల్లారేదాకా ఇద్దరం ఎంత మర్యాదగా ఉన్నామో!

మంచినీళ్లకని కిందికి దిగాను.
"ఏటమ్మా, ఇంకా తొంగోలేదేటి?"
ఖగపతి గారు.
ఆయన లెక్క ఒడియాలో, తిట్టు తెలుగులో.
వెనక గోడకి మేకు,
మేకుకి చిరిగిన చీటీలు, సగాలు సగాలుగా.

ఆ మేకు కథ నాకు తెలుసు.
నిరుడు తొలివానల్లో
పదిహేడో చీటీ మీద నలభై బస్తాలు పలాసకి వెళ్లాయి.
సాయంత్రమైనా కబురు లేదు.
తవిటయ్య బాబు ఓపిక పట్టలేక
పాతపట్నం ఫోన్ చేసి
"పదిహేడు ఆపీమను" అని
టీకొట్టు కుర్రాడితో చెప్పారు.
ఈలోగా పలాస నుంచి "సరుకు ముట్టింది".
ఖగపతి గారు పద్దు కొట్టేసి,
ఖాళీ అయిన పదిహేడుని
మర్నాడు బిడ్డిక మంగడి ఆరు బస్తాలకి ఇచ్చారు.
కుర్రాడికి ఆ కబురు అప్పుడు గుర్తొచ్చింది.

మంగడు రెండు రోజులు
చెక్‌పోస్టు రేకు కింద తడిశాడు.
అతను చేసిన తప్పల్లా ఒక అంకె.

ఇప్పుడు చీటీ రెండు ముక్కలు.
ఆపమన్నా, అందిందన్నా,
ముందొచ్చినవాడు ఎర్రగీత గీస్తాడు.
గీత చూసినవాడు నోరెత్తకుండా వెళ్లిపోతాడు.
రెండు ముక్కలూ మేకుకి గుచ్చేదాకా
ఆ నంబరు ఇంకెవరికీ లేదు,
బాబు గారి తోడల్లుడికైనా సరే.

నీళ్లు తాగడం మరిచిపోయి మెట్లెక్కాను.
ఒక్క బిట్టు, ఎర్రగీత.
చూడడం, గీయడం ఒకే ఊపిరిలో జరగాలి;
మధ్యన దోమ దూరేంత సందు ఉండకూడదు.
గీసినవాడిదే గది ఖాళీ చేసే పూచీ.
ఎదురుచూసే ముందు తాళం కింద పెట్టెయ్యాలి.
"మీరు ఆపమన్నది నా దగ్గర లేదు" అని డిస్కు అంటే
కోప్పడకూడదు.
జవాబు దారిలో ఉందని దానర్థం.

తెల్లారి ఆరు.
రెండు లక్షల తొంభై వేలు దాటింది. పడలేదు.
పడలేదంటే పడదని కాదు,
నాకా భ్రమ లేదు.

కింద సైకిలు స్టాండు వేసిన చప్పుడు.
మంగడు, వెనక రెండు బస్తాలు.
ఖగపతి గారు మేకు తడిమి,
రెండు ముక్కలూ ఉన్నాయని చూసుకుని
"పదిహేడు ఖాళీయే, రాసీనా?" అన్నారు.

మంగడు బస్తా దించలేదు.
"ఒద్దు బాబూ.
అది ఒవులికైనా ఇయ్యి."